నడక సరే, వేగం మాటేమిటి?

షుగర్ ఉందని తేలిన రోజున డాక్టరు రాసిచ్చే చీటీలో మాత్ర పేరు ఉంటుంది, మిల్లీగ్రాములు ఉంటాయి, పొద్దున ఒకటా రాత్రి ఒకటా, తిండికి ముందా తరువాతా అన్నదీ ఉంటుంది. వ్యాయామం గురించి మాత్రం అడుగున ఒక్క ముక్క: 'రోజూ వాకింగ్ చెయ్యాలి'. ఎంత వేగంతో, ఎంతసేపు, వారానికి ఎన్ని రోజులు, ఒగర్పు ఎంతవరకు రానివ్వచ్చు అన్న వివరమేదీ ఉండదు. రోగి దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటాడు. పార్కులో రెండు చుట్లు తిరిగి, స్నేహితులతో రాజకీయాలు మాట్లాడుకుని, దారిలో టిఫిన్ సెంటర్ దగ్గర ఆగి నేతి ఇడ్లీ తిని ఇంటికొస్తాడు. ఆర్నెల్ల తరువాత, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ ఎక్కడిదక్కడే ఉంటే 'నడుస్తూనే ఉన్నాను కదా' అని వాపోతాడు. డాక్టరు ఇంకో మాత్ర కలుపుతారు. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది ప్రీ డయాబెటిస్ దశలో ఉన్నారు. ఇన్ని కోట్ల మందికి ఇస్తున్న సలహాలో మోతాదు ఊసే లేకపోవడం పెద్ద లోపం. వ్యాయామం ఎంతసేపు చెయ్యాలో చెప్పడంతో సరిపెట్టకుండా ఎంత గట్టిగా చెయ్యాలో కూడా రోగి రోగికీ విడిగా నిర్ణయించి రాయాలన్నది నా వాదన.

తీవ్రతకు ఎందుకంత ప్రాధాన్యమో తెలియాలంటే కండరం దగ్గర మొదలుపెట్టాలి. ఇన్సులిన్ ప్రేరణతో రక్తంలోంచి బయటికెళ్లే గ్లూకోజులో ఎక్కువ భాగం చేరేది కండరాల్లోకే. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా కండరం దానికి సరిగా స్పందించదు. గ్లూకోజును కణంలోకి చేరవేసే గ్లూట్-4 అనే ప్రోటీన్ కణం లోపలే ఉండిపోతుంది. అయితే దాన్ని కణం అంచుకు రప్పించడానికి ఇన్సులిన్ ఒక్కటే దారి కాదు. కండరం బిగిసి సడలే ప్రతిసారీ ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే గ్లూట్-4 అంచుకు వస్తుంది. మధుమేహం ఉన్నవారిలోనూ ఈ రెండో దారి చాలావరకు చెక్కుచెదరదు. ఇక నిదానంగా నడిచేటప్పుడు శరీరం ఇంధనంగా ఎక్కువగా కొవ్వును వాడుకుంటుంది, కండరంలోని తంతువుల్లోనూ కొన్నే పనిచేస్తాయి. వేగం పెంచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, బరువెత్తినప్పుడు మిగతా తంతువులు కూడా కదులుతాయి. కండరం తనలో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. గాదె నిండుగా ఉంటే కొత్త ధాన్యం పోసేందుకు చోటుండదు. గ్లైకోజెన్ తరిగిన కండరమే ఆ తరువాత ఒకటి రెండు రోజులపాటు రక్తంలోంచి గ్లూకోజును తీసుకుని మళ్లీ నింపుకుంటుంది. ఒక విడత వ్యాయామంతో ఇన్సులిన్‌కు మెరుగుపడిన స్పందన మహా అయితే 72 గంటలు నిలుస్తుంది. వ్యాయామానికి వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వొద్దని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పేది అందుకే.

సిద్ధాంతం ఇంత సూటిగా ఉన్నా, ఆచరణలో చాలామందిని బెదరగొట్టే చిక్కు ఒకటుంది. గట్టిగా వ్యాయామం చేసిన వెంటనే వేలు గుచ్చి చూసుకుంటే షుగర్ తగ్గకపోగా పెరిగి కనిపించవచ్చు. ఇంటింటా గ్లూకోమీటర్ ఉన్న ఈ కాలంలో, చేతికి సెన్సర్ అతికించుకుని ఫోనులో గీతను చూసుకునేవారు పెరుగుతున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఆ ఒక్క అంకె చూసి 'నా ఒంటికిది పడదు' అని మానేసే అవకాశం ఎక్కువ. నిజానికి పరికరంలోనూ వ్యాయామంలోనూ తప్పేమీ లేదు. శ్రమ బాగా పెరిగినప్పుడు అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ ఒక్కసారిగా ఎగసి, దాచిన గ్లూకోజును వదలమని కాలేయాన్ని తొందరపెడతాయి. కెనడా శాస్త్రవేత్తలు మార్లిస్, వ్రానిక్ 2002లో ఈ విషయంపై సమగ్ర సమీక్ష రాశారు. శరీర సామర్థ్యంలో 80 శాతం దాటిన శ్రమలో కాలేయం గ్లూకోజు ఉత్పత్తిని ఏడెనిమిది రెట్లు పెంచితే, కండరాల వాడకం మూడు నాలుగు రెట్లే పెరుగుతుందని అందులో వివరించారు. ఆ తేడా కొంతసేపు రక్తంలో మిగిలిపోతుంది. ఆరోగ్యవంతుల్లో శ్రమ ఆగగానే ఇన్సులిన్ పెరిగి దాన్ని త్వరగా సర్దేస్తుంది, షుగర్ ఉన్నవారిలో గంటో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. డెన్మార్క్ పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగంలో టైప్ 2 రోగులతో శక్తికొద్దీ సైకిల్ తొక్కించారు. ముగించిన గంట తరువాత కూడా వారి షుగర్ ఎక్కువగానే ఉంది. కానీ 24 గంటల తరువాత పరీక్షిస్తే ఇన్సులిన్‌కు వారి కండరాల స్పందన మునుపటికంటే మెరుగైంది. కాబట్టి చూడాల్సింది చెమట ఆరకముందు కనిపించే అంకెను కాదు. మర్నాటి పరగడుపు షుగర్, భోజనం తరువాతి షుగర్, మూడు నెలల సగటు చూడాలి. ఈ ఒక్క మాట ముందే చెబితే ఎంతోమంది మధ్యలో మానేయకుండా ఉంటారు.

రోగుల మీద జరిగిన ప్రయోగాలు ఏం చెబుతున్నాయి? 2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ బృందం ఎనిమిది మంది టైప్ 2 రోగులతో రెండు వారాల్లో ఆరుసార్లు వ్యాయామం చేయించింది. ఒక నిమిషం గట్టిగా సైకిల్ తొక్కడం, ఒక నిమిషం తెరిపి, ఇలా పదిసార్లు. అంతే. 24 గంటల సగటు షుగర్ సుమారు 137 నుంచి 119 మిల్లీగ్రాములకు దిగింది, కండరంలో గ్లూట్-4 కొన్ని రెట్లు పెరిగింది. ఎనిమిది మందితో, పోల్చి చూసే బృందం లేకుండా చేసిన ప్రయోగం కనుక దీన్ని ఆశ పుట్టించే సూచనగా తీసుకోవాలే తప్ప తీర్పుగా కాదు. నాకు ఇంతకంటే విలువైనదిగా తోచేది 2013లో డెన్మార్క్ నుంచి వచ్చిన నడక ప్రయోగం. జపాన్‌లో వయసు మళ్లినవారి కోసం రూపొందిన పద్ధతి అది: మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా మార్చి మార్చి నడవడం. టైప్ 2 రోగుల్లో కొందరు ఇలా నడిచారు, మరికొందరు ఒకే వేగంతో నడిచారు. ఎవరైనా రోజుకు గంట, వారానికి ఐదు రోజులు, నాలుగు నెలలు. రెండు బృందాలూ ఖర్చుపెట్టిన శక్తి దాదాపు సమానం. అయినా శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మార్చి మార్చి నడిచినవారిలో 16 శాతం పెరిగింది, పొట్టలోపలి కొవ్వు తగ్గింది, షుగర్ తగ్గింది. ఒకే వేగంతో నడిచినవారిలో ఇవేవీ మారలేదు. నిర్దేశించిన నడకల్లో 89 శాతం వరకు రెండు బృందాలూ పూర్తి చేశాయి కాబట్టి 'గట్టి వ్యాయామాన్ని ఎవరూ కొనసాగించలేరు' అన్న మాటకు కూడా ఇందులో కొంత జవాబు ఉంది. జిమ్ లేదు, యంత్రం లేదు, నడకే. నడిచే తీరు మారింది.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. బ్రెజిల్ పరిశోధకులు 2011లో 47 ప్రయోగాలను, 8,538 మంది రోగుల వివరాలను కలిపి విశ్లేషించారు. క్రమపద్ధతిలో చేయించిన వ్యాయామం హెచ్‌బీఏ1సీని సగటున 0.67 తగ్గించింది. వారానికి 150 నిమిషాలు దాటితే 0.89, అంతకు లోపైతే 0.36. అదే బృందం తరువాతి విశ్లేషణలో తీవ్రత కంటే మొత్తం పరిమాణానికే ఎక్కువ ప్రభావం కనిపించింది. మరోవైపు 2003లో కెనడాకు చెందిన బూలే బృందం చేసిన విశ్లేషణలో పరిమాణం కంటే తీవ్రతే హెచ్‌బీఏ1సీ తగ్గుదలను బాగా అంచనా వేయగలిగింది. రెండూ పేరున్న పత్రికల్లో వచ్చినవే. దీనర్థం సైన్సు చేతులెత్తేసిందని కాదు. ఎక్కువసేపు నడవగలిగినవారికి సమయం మేలు చేస్తుంది, సమయం లేనివారికి తీవ్రత ఆ లోటును చాలావరకు పూడుస్తుంది అని నేను అర్థం చేసుకుంటాను. 150 నిమిషాలు తీరుబడిగా నడుస్తూ షుగర్ అదుపులో ఉన్నవారిని పరుగెత్తమనడం నా ఉద్దేశం కాదు. రోజుకు గంట నడిచినా మార్పు లేనివారికి, గంట దొరకనివారికి తీవ్రత గురించి ఎవరూ చెప్పకపోవడమే నా ఫిర్యాదు. అదే బ్రెజిల్ విశ్లేషణలో ఇంకో సంగతి ఉంది, దాన్ని మనవాళ్లు పట్టించుకోలేదు: ఆహార సలహా జతచేయకుండా 'వ్యాయామం చెయ్యండి' అని నోటిమాటగా చెప్పడం వల్ల హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా జరుగుతున్నది ఆ నోటిమాటే.

షుగర్ అంకె ఒక్కటే కొలబద్ద కూడా కాకూడదు. అమెరికాలోని డాలస్‌లో 1,263 మంది మధుమేహ పురుషులను ఏళ్ల తరబడి గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రెడ్‌మిల్ పరీక్షలో దమ్ము తక్కువగా తేలినవారికి మరణ ముప్పు మిగతావారికంటే రెట్టింపుకు పైగా ఉన్నట్టు కనిపించింది. ఆ దమ్మును పెంచడంలో తీవ్ర వ్యాయామం మధ్యస్థ వ్యాయామం కంటే ముందుంటుందన్నది చాలా ప్రయోగాల్లో తేలిన విషయం. షుగర్ విషయంలో రెండూ సమానమే అనుకున్నా ఈ ఒక్క లాభం మిగులుతుంది.

మన శరీరాలకు ఈ చర్చ మరింత అవసరం. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోతో 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉండే దక్షిణాసియా దేహానికి ఆ ఫొటో ప్రసిద్ధ ఉదాహరణ అయింది. గ్లూకోజు చేరాల్సిన చోటే చిన్నదైనప్పుడు, ఆ చోటును పెంచే పని కూడా చికిత్సలో భాగం కావాలి. నడక ఎంత చేసినా ఆ పని పెద్దగా చెయ్యదు. బరువులెత్తడం, బస్కీలు తియ్యడం, నీళ్లసీసాలు పట్టుకుని చేతులకు పని చెప్పడం, ఏదో రకంగా కండరాన్ని ఎదురుబరువుతో శ్రమపెట్టాలి. 262 మంది టైప్ 2 రోగులతో అమెరికాలో తొమ్మిది నెలలు సాగి 2010లో ప్రచురితమైన ప్రయోగంలో నడక ఒక్కటే, బరువులు ఒక్కటే చేసినవారిలో హెచ్‌బీఏ1సీ గణనీయంగా తగ్గలేదు, రెండూ కలిపినవారిలోనే తగ్గింది. సన్నగా ఉన్నాం కాబట్టి కండ సంగతి అక్కర్లేదనుకునేవారే దీని గురించి ఎక్కువ ఆలోచించాలి.

ఇక అసలైన అభ్యంతరం గుండె. షుగర్ ఉన్నవారిలో నొప్పి తెలియకుండానే గుండె రక్తనాళాలు పూడుకుపోవచ్చు, అలాంటివారిని ఒగర్చేలా శ్రమపెట్టమనడం ప్రాణాలతో చెలగాటం కాదా అని అడగడం న్యాయమే. నార్వేలోని మూడు గుండె పునరావాస కేంద్రాల్లో 4,846 మంది హృద్రోగులు చేసిన 1,75,820 గంటల వ్యాయామాన్ని లెక్కించి 2012లో ప్రచురించారు. మధ్యస్థ వ్యాయామంలో 1,29,456 గంటలకు గుండె ఆగి ఒక మరణం నమోదైంది. తీవ్ర వ్యాయామంలో 23,182 గంటలకు ఒకటి చొప్పున గుండె ఆగిన ఘటనలు రెండు, ఇద్దరూ బతికారు. నిష్పత్తి చూస్తే తీవ్ర వ్యాయామంలో ముప్పు ఎక్కువే, మొత్తంగా చూస్తే చాలా తక్కువ. అయితే అది పర్యవేక్షణలో, పరీక్షలు చేసిన రోగులతో జరిగినదన్న సంగతి మరవకూడదు. ఏళ్లుగా కుర్చీ వదలని యాభై ఏళ్ల మనిషి ఒక ఉదయం వ్యాసం చదివి పరుగు లంకించుకోవడానికి ఇది లైసెన్సు కాదు. ఛాతీలో బరువు, నాలుగు మెట్లకే ఆగని ఆయాసం, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోట్లు, అదుపులో లేని బీపీ ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మిగతావారికి కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు నడకతో ఒంటిని సిద్ధం చేసుకున్నాకే వేగం. పైగా తీవ్రత అన్నది ఎవరికి వారే కొలుచుకోవాల్సిన విషయం. ఇరవై ఏళ్ల కుర్రాడికి పరుగు ఎంతో, అరవై ఐదేళ్ల పెద్దావిడకు ఫ్లైఓవర్ ఎత్తు ఎక్కడం అంత. గుర్తు చాలా సులువు: నడుస్తూ మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మధ్యస్థం, నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తీవ్రం. బీపీకో గుండెకో మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి వేగం సరైన కొలత కాదు కాబట్టి వారికి ఈ మాట పరీక్షే మేలు.

గుండె తరువాత మిగిలే జాగ్రత్తలు మూడు చోట్ల ఉంటాయి: మాత్రలు, కళ్లు, పాదాలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివో ఇన్సులినో వాడేవారికి మాత్రం ఆ భయం నిజమైనదే, అది వ్యాయామ సమయంలో కాకుండా ఆ రాత్రి ఎప్పుడో కూడా రావచ్చు. మొదలుపెట్టేముందు షుగర్ 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తినాలి, జేబులో గ్లూకోజు పొడో చక్కెరో ఉండాలి, కొన్ని వారాలు గడిచాక మాత్ర మోతాదు తగ్గించాలేమో డాక్టరుతో మాట్లాడాలి. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టే దశకు చేరినవారు బరువులెత్తితే, ఊపిరి బిగబట్టి శ్రమపడితే కంట్లో రక్తస్రావం కావచ్చు కనుక ముందు కంటి డాక్టరు అనుమతి కావాలి. పాదాల స్పర్శ తగ్గినవారు చెప్పుల్లేకుండా వేగంగా నడవడం, ఎండకు కాలిన గుడి ప్రాంగణంలో ఉత్తకాళ్లతో ప్రదక్షిణలు చెయ్యడం ప్రమాదం. పుండు పడ్డ సంగతి రెండు రోజుల తరువాత గానీ తెలియదు.

'ఇంటిపని అంతా చేస్తున్నాను, ఇంకా వ్యాయామం ఎందుకు?' అన్నది ఆడవాళ్లు తరచూ వేసే ప్రశ్న. నాట్లు వేసే కూలీ, ఇటుక మోసే మనిషి ఇలా అడిగితే వారికి వ్యాయామ పాఠం చెప్పడం అవమానించడమే. కానీ మిక్సీ, వాషింగ్ మెషీన్, కుళాయి వచ్చిన ఇళ్లలో పని గంటలు తగ్గలేదు గానీ అందులోని శ్రమ తగ్గింది. రోజంతా నిలబడి అలసిపోవడం వేరు, గుండె వేగం పెరిగేలా ఐదు నిమిషాలు శ్రమించడం వేరు. ఇక్కడే తీవ్రత పేదల పక్షాన, తీరిక లేనివారి పక్షాన నిలుస్తుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఇన్సులిన్ నిరోధకత ఉన్న తొమ్మిది మందితో, మూడు పూటలా భోజనానికి అరగంట ముందు ఒక్కో నిమిషం చొప్పున ఆరుసార్లు ఎత్తు మీదికి గట్టిగా నడిపించారు. సాయంత్రం ఒకేసారి అరగంట మధ్యస్థ తీవ్రతతో నడవడంతో పోలిస్తే భోజనం తరువాతి షుగర్ ఇందులో మెరుగ్గా తగ్గింది. చిన్న ప్రయోగమే, కానీ అపార్ట్‌మెంటు మెట్లున్న ఏ ఇంటివారైనా చేసి చూడగలిగినది. అన్నం ప్రధానమైన మన భోజనానికి ముందు, తరువాత ఏం చేస్తామన్నది చిన్న సంగతి కాదు. తిన్నాక పది నిమిషాల మామూలు నడక కూడా ఉపయోగమేనని అదే ఒటాగో నుంచి 2016లో వచ్చిన మరో ప్రయోగం చూపింది, ముఖ్యంగా రాత్రి భోజనం తరువాత.

ఏ వేళ అన్నదీ తేల్చుకోవాల్సిన విషయమే. వ్యాయామమంటే తెల్లవారుజామునే అన్న నమ్మకం మనకు బలంగా ఉంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కు, విశాఖ బీచ్ రోడ్డు ఆ వేళలోనే కిటకిటలాడతాయి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ 2019లో ప్రచురించిన ప్రయోగంలో 11 మంది టైప్ 2 పురుషులు రెండు వారాలు ఉదయం, రెండు వారాలు మధ్యాహ్నం తీవ్ర వ్యాయామం చేశారు. మధ్యాహ్నం చేసినప్పుడు షుగర్ తగ్గింది, ఉదయం చేసినప్పుడు పెరిగింది. తెల్లవారుజామున శరీరంలో షుగర్ పెంచే హార్మోన్లు సహజంగానే ఎక్కువగా ఉండడం ఇందుకు కొంత కారణం కావచ్చు. 11 మందిని చూసి ఉదయం నడిచేవారందరినీ ఇంటికి పంపలేం, ఉదయం తప్ప వేళ దొరకనివారికి ఉదయమే మంచిది. కానీ ఉదయం గట్టి వ్యాయామంతో అంకెలు చికాకు పెడుతుంటే సాయంత్రానికి మార్చి చూడమని చెప్పడానికి ఈ ఆధారం చాలు. మన ఎండాకాలంలో మూడు నాలుగు గంటలకు బయటికి వెళ్లలేం కాబట్టి మిగిలేది పొద్దు వాలాక ఉండే గంటన్నర. ఆ వేళకు మగవాళ్లు ఎలాగో రోడ్డెక్కుతారు. ఆడవాళ్లు వేగంగా నడవాలంటే మాత్రం వెలుతురున్న ట్రాక్, గుంతల్లేని ఫుట్‌పాత్, వీధికుక్కల భయం లేని వీధి కావాలి. ఓపెన్ జిమ్ పరికరాలకు డబ్బు వెచ్చిస్తున్న మున్సిపాలిటీలు ఆ ఖర్చులో కొంత పార్కుల దీపాలకు మళ్లించి, రాత్రి తొమ్మిది దాకా గేట్లు తెరిచి ఉంచడంతో మొదలుపెట్టవచ్చు.